నడక దారిలో నాయనమ్మ రాయి

పదో తరగతి సర్టిఫికెట్టు నకలు కావాల్సి వచ్చి మొన్న కార్తీకంలో మా ఊరికి వెళ్లాను. బడి గుమస్తా భోజనానికి వెళ్లాడన్నారు. మా వైపు భోజనానికి వెళ్లిన గుమస్తా, కాశీకి వెళ్లినవాడు ఒకటే. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. సరే, ఈలోగా ఊరు చూద్దామని బజారున పడ్డాను. ఊరి పేరు రాయను. గురజాలకీ మాచర్లకీ మధ్య ఎక్కడో ఉందనుకోండి. రాస్తే మావాళ్లు ఊరుకోరు. కోడిపందెం మీద యుద్ధానికి దిగిన గడ్డ అది, ఒక రాయి కోసం దిగదని ఎవరు హామీ ఇస్తారు? బస్టాండు పక్కన గోధుమరంగు బోర్డు ఒకటి కొత్తగా వెలిసింది. దాని మీద బాణం గుర్తు, పైన ‘చారిత్రక నడక దారి’ అని పెద్ద అక్షరాలు. టోపీలు పెట్టుకుని, నీళ్ల సీసాలు పట్టుకుని పది పదిహేనుమంది నిలబడి ఉన్నారు. చెవి దగ్గర చిన్న మైకు తగిలించుకున్న ఒక అమ్మాయి వాళ్లకి ఊరి గొప్పతనం చెబుతోంది. పుట్టి పెరిగిన ఊరి గొప్పతనం నేనెప్పుడూ విని ఉండలేదు గనక నేనూ వెనకాల నడిచాను.

మొదటి మజిలీ పాత కోటగోడ. గోడ లేదు, అది ఉన్న చోటు ఉంది. రెండో మజిలీ ఒక డాబా అరుగు. మూడో మజిలీ మా వీధి మొగ, బజారు నుంచి వీధిలోకి తిరిగే చోటు. అక్కడ ఇనుప కటకటాలు, రేకుల పందిరి, నాలుగు ట్యూబులైట్లు, వాటి మధ్య నిలువెల్లా పసుపు పూసుకుని ఒక బండరాయి. పక్కన బోర్డు మీద ఇలా ఉంది: ‘వీరశిల. ఎనిమిది వందల ఏళ్ల నాటిది. యుద్ధానికి బయలుదేరే ముందు వీరుడు దీని మీద మోకరిల్లాడు. రాయి నడుమ కనిపించే గుంట ఆయన మోకాలి గుర్తు.’ టోపీలవాళ్లందరూ చెప్పులు విడిచారు. నేను మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. భక్తితో అనుకున్నారు. కాదు, నవ్వాపుకోలేక. అది మా నాయనమ్మ బట్టలుతుక్కున్న రాయి. దాన్ని అక్కడికి చేర్చిన పాపంలో మొదటి వాటా నాదే.

ఎనభైల మాట. మా నాన్న పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో గుమస్తాగా చేసేవాడు. ఆ పొగకి నాకు దగ్గు తెరలు తెరలుగా వచ్చేదని నన్ను తాతయ్య, నాయనమ్మల దగ్గర ఉంచారు. తాతయ్య రిటైరైన సోషల్ మాస్టారు. ఊళ్లో ఏ రాయి కనపడినా చేతికర్రతో తట్టి, కళ్లద్దాలు పైకి తోసి, దాని వంశం చెప్పేవాడు. కాలవ గట్టు రాయి ఒక రాజుది, గొడ్ల చావిట్లో రాయి ఒక సామంతుడిది. మా ఇంట్లో ఉన్న రాళ్లకి మాత్రం ఏ చరిత్రా ఉండేది కాదు, ఎందుకంటే అవి రోజూ పని చేసేవి. రుబ్బురోలు, సన్నికల్లు, వీటన్నిటికీ పెద్దక్కలాంటి ఉతుకుడు రాయి. అది నాయనమ్మ పుట్టింటి రాయి. వాళ్ల నాన్నది రెంటచింతల వైపు, నాపరాళ్ల పని. ఆమెని కాపరానికి పంపేటప్పుడు సారె బండి మీద అరిసెల బుట్టల పక్కన నడుమెత్తు నాపరాయి ఒకటి వేసి పంపాడట. “అందరి నాన్నలు బంగారం పెడితే మా అయ్య బండ పెట్టాడు. బంగారమైతే మీ తాత ఏనాడో పుస్తకాలు కొనేవాడు” అని నాయనమ్మ వచ్చినవాళ్లకల్లా చెప్పేది. ఫిర్యాదు చేస్తున్నట్టే ఉండేది గాని, ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మెడ కొంచెం నిటారుగా అయ్యేది.

మా ఇంట్లో తెల్లవారడం అంటే ఆ రాయి చప్పుడే. కోడి ముందో, నాయనమ్మ ముందో తేలేది కాదు. బావి పక్కన వాలుగా వేసిన ఆ బండ మీద సోడా నీళ్ల ఘాటు, తడిసిన నాపరాయి వాసన, కాగు కింద కందికంప పొగ, ఈ మూడూ కలిస్తే ఇప్పటికీ నాకు తెల్లవారినట్టే ఉంటుంది. ఉతుకు అయ్యాక రాయి కడిగి నన్ను దాని మీద కూర్చోబెట్టి తలకి నూనె పెట్టి, సున్నిపిండితో నా తోలు ఊడేదాకా రుద్దేది. మధ్యాహ్నం చల్లగా ఉంటుందని దాని మీదే కూర్చుని చింతకాయలు ఒలిచేది. ఎదురింటి కోటమ్మ పిన్ని, ఆమె కోడలు, ఇంకా నాలుగిళ్లవాళ్లు బట్టల మూటలు తెచ్చి ఆ రాయి మీదే ఉతుక్కునేవాళ్లు. బండ మధ్యలో అరచెయ్యి పట్టేంత గుంట పడింది. నాయనమ్మ కాపరానికి వచ్చినప్పుడు అది అద్దంలా ఉండేదట. ఎడమచేత్తో బట్ట అదిమి, కుడిచేత్తో రుద్ది రుద్ది నలభై ఏళ్లలో ఆ గుంట చేసింది. అందులో నీళ్లు నిలిస్తే పిచ్చుకలు తాగేవి.

అలా ఉండగా హైదరాబాదు నుంచి ఒక పెద్ద ఆఫీసరు మా ఊరు చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఊళ్లోని చారిత్రక స్థలాలన్నీ నడిచి చూస్తాడట, బాగుంటే పుస్తకంలో వేయిస్తాడట. ఇది తాతయ్య పదేళ్లుగా రాసిన ఉత్తరాల ఫలితం. వెంటనే కమిటీ ఒకటి వేశారు. తాతయ్య, ప్రెసిడెంటు గారు, కిరాణా కొట్టు శెట్టిగారు. ఆఫీసరు దారి తప్పకుండా ఊరంతా సున్నంతో గీత గీయాలని తాతయ్య ఆలోచన. మా నాన్న పిడుగురాళ్ల నుంచి బస్సు మీద రెండు బస్తాల సున్నం పంపాడు. నేను బకెట్టు మోశాను, తాతయ్య కొబ్బరిపీచు కుంచెతో గీత లాగాడు. చరిత్ర రాయడం అంటే ఇదేనని నాకు అప్పుడు గట్టి నమ్మకం.

మా ఊళ్లో సున్నం గీతకి ఒకటే అర్థం. రోడ్డు వెడల్పు చేస్తారు, అరుగులు పగలగొడతారు. మేమిద్దరం ఇంటికొచ్చి మజ్జిగ తాగేలోపే కోటమ్మ పిన్ని చీపురు పుచ్చుకుని తన గుమ్మం ముందు గీత చెరిపేసింది. శెట్టిగారు కమిటీలో ఉండి కూడా తన కొట్టు ముందు గీత మీద ఉప్పు బస్తాలు పేర్పించాడు. తాతయ్య ఇల్లిల్లూ తిరిగి, ఇది పగలగొట్టే గీత కాదు, పెద్దాయన నడిచే గీత అని నచ్చజెప్పాడు. అంతే, తిరనాళ్ల మొదలైంది. మర్నాటికి అందరికీ ఆ గీత తమ గుమ్మం ముందే కావాల్సి వచ్చింది. ఊరు మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు ఎవరి కుంచె వాళ్లు పట్టుకుని ఎవరి వైపు వాళ్లు లాక్కున్నారు. మూడో రోజుకి గీత తాడు తెంపుకున్న మేక తిరిగినట్టు ఊరంతా తిరిగింది. ప్రెసిడెంటు గారి డాబా రెండో మజిలీ అయింది. ఆ డాబాకి ఇంకా పచ్చి సిమెంటు వాసన పోలేదు. ఇందులో చరిత్ర ఏముందని తాతయ్య నసిగితే, డాబా కొత్తదే గాని దాని కింద నేల పాతదే గదా మాస్టారూ అన్నాడట ప్రెసిడెంటు. ఆ మాటకి జవాబు చెప్పగల చరిత్రకారుడు ఇంకా పుట్టలేదు.

అసలు చిక్కు మూడో మజిలీ దగ్గర వచ్చింది. మా వీధి మొగలో గుర్రం మీద వీరుడి బొమ్మ ఉన్న వీరశిల ఉందని తాతయ్య ప్రతి ఉత్తరంలోనూ రాశాడు. ఆఫీసరు దాన్ని చూడ్డానికే వస్తున్నాడు. గీత గీస్తూ అక్కడికి వెళ్లి చూస్తే రాయి లేదు. తాతయ్య చిన్నప్పుడు ఉండేది, దానికి మేకల్ని కట్టేవాళ్లు. తారు రోడ్డు వేసినప్పుడు కంకర కింద పోయిందని కొందరు, ఎవరి గడప కిందో ఉందని కొందరు అన్నారు. ముప్ఫై ఏళ్లు రోజుకి రెండుసార్లు ఆ మొగ దాటి బడికి వెళ్లి వీరుల పాఠం చెప్పిన మనిషి, అక్కడ వీరుడు లేడన్న సంగతి కనిపెట్టలేదు. ఆ రోజు ఆయన అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్ద అట్లాగే వదిలేశాడు. పదేళ్ల ఉత్తరాలు, ఊరందరి ముందు పరువు, రెండూ పోతాయి. ఆయన చెయ్యి చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఎవరూ అడక్కుండానే నోరు జారాను. నాయనమ్మ రాయి కూడా అంతే పొడుగుంటుంది గదా తాతయ్యా అన్నాను. నోటి దూల అంటే ఇదే. ఆయన మెల్లగా పెరట్లోకి తల తిప్పాడు.

“ఒక్కరోజుకేనే. ఆయన చూసి పోంగానే నీ రాయి నీకు తెచ్చేస్తా” అన్నాడు తాతయ్య.

నాయనమ్మ అప్పుడు ఆయన పంచే ఉతుకుతోంది. తలెత్తకుండానే అంది. “అబద్ధమాడటానికి నీ నోరు చాల్లేదా, నా రాయి కూడా కావాలా?”

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు పొద్దున తాతయ్య గోడకున్న అద్దం ముందు నిలబడి ఆఫీసరుకి చెప్పాల్సిన ఉపన్యాసం వల్లె వేస్తున్నాడు. మధ్యలో మరిచిపోయి మళ్లీ మొదటికొస్తున్నాడు. నాయనమ్మ వంటింటి గుమ్మంలోంచి చాలాసేపు చూసింది. తర్వాత నన్ను పిలిచి, “తీసుకుపొమ్మను. రేపు పొద్దుగూకేతలికి నా రాయి బావి కాడ ఉండాల. మీ తాతకి గట్టిగా చెప్పు” అంది. రాళ్లపని ఏడుకొండలు వచ్చి బండని గడ్డపారతో లేపి బండి మీద తీసుకెళ్లి వీధి మొగలో నిలువుగా పాతాడు. దాని మీద గుర్రం బొమ్మ చెక్కమని తాతయ్య అడిగితే, నాపరాయి మాస్టారూ, ఉలి పెడితే పొరలు పొరలుగా ఊడిద్ది, గుర్రం బదులు గాడిద వచ్చిద్ది అన్నాడు. అంచేత పసుపు మెత్తి, కుంకం బొట్లు పెట్టి, బొమ్మ అరిగిపోయిందని చెప్పడానికి నిశ్చయమైంది. గుంటని మాత్రం పసుపు దాచలేకపోయింది.

ఆఫీసరు మే నెల మిట్టమధ్యాహ్నం జీపులో దిగాడు. పల్నాడులో ఆ వేళకి కుక్కలు కూడా చరిత్ర పట్టించుకోవు. కోటగోడ దగ్గర పది అడుగులు నడిచి చెమట తుడుచుకున్నాడు. ప్రెసిడెంటు గారి డాబాలో రెండు గోళీసోడాలు తాగి ఫ్యాను కింద గంటసేపు చరిత్ర అధ్యయనం చేశాడు. సున్నం గీత మీద ఆయన వేసిన అడుగులు వంద ఉంటాయేమో. మా మొగకి జీపులోనే వచ్చి దిగాడు. గుంట మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగాడు. కాగితంలో దానికి జవాబు లేదు. తాతయ్య ఒక్క క్షణం నా వైపు చూసి, యుద్ధానికి పోయే ముందు వీరుడు ఇక్కడ మోకరిల్లాడండీ, మోకాలి గుర్తు, అన్నాడు. ఆయన నోటి నుంచి అంత చక్కటి అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నేననుకోలేదు. ఆఫీసరు మంచివాడు, నమ్మాడు. వంగి ఆ గుంటని తాకి కళ్లకద్దుకున్నాడు. కొంప అక్కడే మునిగింది.

హైదరాబాదు ఆఫీసరు దణ్ణం పెట్టిన రాయికి ఊరు దణ్ణం పెట్టకుండా ఉంటుందా? జీపు దుమ్ము అణగకముందే ఎవరో కొబ్బరికాయ కొట్టారు. సాయంత్రానికి దండలు పడ్డాయి, గంట కూడా కట్టారు. పొద్దుగూకిందని నాయనమ్మ ఏడుకొండల్ని వెంటబెట్టుకుని గడ్డపారతో మొగకి వెళ్లింది. వెనకాల నేను. కోటమ్మ పిన్ని, ఆమె కోడలు, ఇంకా పదిమంది ఆడవాళ్లు రాయి చుట్టూ నిలబడి ఉన్నారు. “వద్దత్తా, కదిలిస్తే కళ్లు పోతయ్” అంది కోటమ్మ పిన్ని.

“ఏమే కోటమ్మా, మొన్న మంగళారం నీ కోకలు ఉతుక్కుంది దీని మీదే గదంటే.”

“అప్పుడు తెలవదు గదత్తా” అంది పిన్ని. ఆమె అబద్ధమాడటం లేదు. చెంపలు కూడా వేసుకుంది.

ఏడుకొండలు గడ్డపార కింద పెట్టేశాడు. ప్రెసిడెంటు, శెట్టి కూడా వచ్చారు.  నాయనమ్మ గుంపు వెనక నిలబడిన తాతయ్య వైపు చూసింది. ఒక్క మాట చాలు. ఇది మా పెరటి రాయి అని ఆయన అంటే అయిపోయేది. ఊరంతా ఆయన నోటి వైపే చూస్తోంది. తాతయ్య గొంతు సవరించుకుని, చూద్దాం, అన్నాడు. నాయనమ్మ వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది. ఆ నడక నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. చెప్పిందాన్ని నేను, మోసింది వాళ్లు, పోయింది ఆమెది.

ఆ తర్వాత బావి దగ్గర సిమెంటు పలక ఒకటి పోయించారు. గరుకుది. బట్టలు చిరిగేవి, నాయనమ్మ అరచేతులు దోక్కుపోయేవి. రాయి మీద దబదబ మోగే చప్పుడు పోయి, చప్పగా ఏదో చరచరమనేది. నాకు చానాళ్లు తెల్లవారినట్టే అనిపించలేదు. తాతయ్యతో మాట్లాడటం మానేసింది. ఎదురుగా కూర్చున్న మనిషికి నా ద్వారా కబుర్లు నడిచేవి. “మీ తాతని అన్నానికి రమ్మను.” “మీ తాతకి మజ్జిగ కావాలేమో అడుగు.” ఇద్దరి మధ్యా పోస్టు మోసే పని నాకు దక్కింది, అది నాకు తగిన శిక్షే. సాయంత్రాలు మాత్రం నాయనమ్మ మొగ దాకా వెళ్లేది. మొక్కేది కాదు, ప్రదక్షిణం చేసేది కాదు. గుంటలో చెయ్యి పెట్టి కాసేపు నిలబడి వచ్చేది. కోటమ్మ పిన్ని ఇది గమనించి, మాస్టారి భార్య గనక ఏదో రహస్యం తెలిసే చేస్తోందని తనూ చెయ్యి పెట్టి కోరిక కోరుకుంది. ఆ నెలలోనే ఆమె కోడలు నీళ్లోసుకుంది. ఇంక చూడండి, రెంటచింతల నుంచి, వినుకొండ నుంచి కూడా బస్సులెక్కి వచ్చి గుంటలో చేతులు పెట్టేవాళ్లు.

ఏడాది తిరిగేసరికి వీరశిలకి తిరనాళ్ల పెట్టారు. వేదిక మీద శాలువా కప్పి తాతయ్యని మాట్లాడమన్నారు. ఆయన మైకు పట్టుకున్నాడు. ఉపన్యాసాల భాష వదిలేసి ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడాడు. “ఈ రాయి మా ఇంటిది. మా ఇంటావిడ బట్టలుతుక్కున్న రాయి. ఆ గుంట ఏ వీరుడి మోకాలిదీ గాదు, ఆమె చేతులది. నేను అబద్ధం చెప్పాను.”

 ప్రెసిడెంటు గారు మెత్తగా మైకు లాక్కుని, మాస్టారికి ఎండ తగిలింది, ఎవరైనా మజ్జిగ తెండ్రా అన్నాడు. తెచ్చారు. నిజం చెప్పిన నోట్లో ఊరు మజ్జిగ పోసి కుర్చీలో కూలేసింది. ఏడాది క్రితం ఆయన ఆడిన అబద్ధానికి సాక్ష్యం అడగనివాళ్లు, ఇప్పుడు నిజానికి సాక్ష్యం అడిగారు. బతికున్నన్నాళ్లూ ఆయన కనపడిన వాళ్లకల్లా ఆ సంగతి చెబుతూనే ఉన్నాడు, వాళ్లు జాలిగా తలాడిస్తూనే ఉన్నారు. ఆ రోజు మాత్రం ఇంటికి రాగానే నాయనమ్మ పీట వాల్చింది. నా వైపు చూడలేదు. “రా, అన్నం తిందువుగాని” అంది ఆయనతోనే. గోంగూర కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంటూ తాతయ్య ఏడ్చాడు. నీ రాయి తేలేకపోయానే అన్నాడు. “చెప్పావుగా. చాల్లే, తిను” అంది.

ఆ ఇద్దరూ లేరు. ఇల్లు ఎవరిదో అయింది. బావి పూడ్చి కారు పెట్టుకున్నారు. మైకు అమ్మాయి నా ముందుకొచ్చి, మేడమ్, మీరు కూడా గుంటలో చెయ్యి పెట్టి మొక్కుకోండి, ఈ ఆచారం ఎనిమిది వందల ఏళ్లుగా ఉంది అంది. ముచ్చటైన పిల్ల. కోటమ్మ పిన్ని మునిమనవరాలని తర్వాత తెలిసింది. అంటే ఆ గుంట పుణ్యాన పుట్టిందని మావాళ్లు లెక్కకట్టిన వంశమే. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. నలభై ఏళ్ల కిందట మొగలో నిలబడి నేనూ నోరు విప్పలేదు మరి.

“ఇది మా నాయనమ్మ బట్టలుతుక్కున్న రాయమ్మా” అన్నాను.

ఆ పిల్ల ఏమాత్రం కంగారు పడలేదు. నవ్వుతూ టోపీలవాళ్ల వైపు తిరిగింది. “అట్లాంటి కథ కూడా ఒకటుందండీ. వెనకటికి ఎవరో పిచ్చి మాస్టారు చెబుతుండేవాడంట.” టోపీలవాళ్లు నవ్వారు. ఒకాయన ఫోన్లో రాసుకున్నాడు కూడా.

వాళ్లు నాలుగో మజిలీకి వెళ్లిపోయాక కటకటాల్లోంచి చెయ్యి దూర్చి గుంటలో పెట్టాను. కోరికేమీ కోరలేదు. మణికట్టు ఆనే చోట లోతు, వేళ్ల దగ్గర పలుచన, నాయనమ్మ చెయ్యి ఎట్లా ఆనేదో అట్లాగే ఉంది. చేతికంటిన కుంకం కొంగుకే తుడుచుకున్నాను. సర్టిఫికెట్టు దొరకలేదు, గుమస్తా భోజనం నుంచి ఇంకా రాలేదు. ఇంటికొచ్చి చూసుకుంటే కొంగు నిండా కుంకం మరకలు. వాషింగ్ మెషీన్లో రెండుసార్లు వేశాను, పోలేదు. నాయనమ్మ రాయి మీద అయితే నాలుగు దెబ్బలకి పోయేది.